వాలీబాల్ కోర్టు కింది నీళ్ళు

నేపాల్ కొండల్లోని రాన్‌బారిలో, వాగు నీళ్ళతో కరెంటు పుట్టించే రేకుల గది తాళంచెవి పదకొండేళ్ళుగా రన్‌మాయా పున్ నడుముకే వేలాడుతోంది. యంత్రం పెట్టిన ఏడాది ఊళ్ళో వయసు మగాళ్ళు ఎవరూ లేరు, అందరూ పల్టన్‌లో సిపాయిలుగానో గల్ఫ్‌కో పోయారు. అలా ఆ పని ఆమెకొచ్చింది. ఆవిడకు చదువు రాదు. కాని గొట్టంలో నీళ్ళ చప్పుడు విని, పైన కాలువలో ఆకులు అడ్డం పడ్డాయో ఇసుక చేరిందో ఇట్టే చెప్పేస్తుంది. మామగారి నీటి తిరగలి దగ్గర నేర్చిన విద్య అది.

ఆ మామగారు ఏటా ఎండలు ముదిరే చైత్ నెలలో, వాగు బాగా చిక్కిపోయిన రోజు చూసి, కాలువ మొదట్లో ఉన్న నల్లరాయి మీద నీటిమట్టం దగ్గర ఉలితో ఒక గీత చెక్కేవాడు. తిరగలి వాళ్ళందరికీ ఉన్న అలవాటే. ఆయన పోయాక ఉలి కోడలి చేతికొచ్చింది. ఆమె చెక్కిన నాలుగు గీతలూ ఒకదాని కన్నా ఒకటి కిందికే పోయాయి.

నాలుగో చైత్‌కు బల్బులు ఎర్రగా మిణుకుమనడం మొదలైంది, ఆ కరెంటుతో నడిచే ధాన్యం మర తిరగనే లేదు. నాగదేవత అలిగిందని ఊటలో పాలు పోశారు. రోడ్డు వేసిన బుల్డోజరును తిట్టిపోశారు. ఆఖరికి కరెంటు సంఘం వాళ్ళు, యంత్రం విప్పి పక్క లోయలోని ఊరికి ఇచ్చేద్దామన్నారు. ఆ మాట విన్న రోజు రన్‌మాయ తింటున్న ధిడో పిండిముద్ద పక్కన పెట్టి లేచింది. పోయి నల్లరాయి దగ్గర కూర్చుంది. గీతలు లెక్కపెడుతుంటే తట్టింది. దిగడం మొదలైంది శిఖరం మీద కోర్టు కట్టిన మరుసటి చైత్ నుంచే.

ఆ కోర్టు ఆమె మరిది టేక్‌మన్‌ది. సైన్యంలో రిటైరై వచ్చి, సంఘానికి అధ్యక్షుడై, తండ్రి జ్ఞాపకంగా శిఖరం మీది గేదెల గుంటను రాళ్ళతో పూడ్చి వాలీబాల్ కోర్టు చేయించి, ఆయన పేరు కింద 'క్రీడా మైదానం' అని రాతిపలక పాతించాడు. ఊరంతా చప్పట్లు కొట్టింది. రన్‌మాయ కూడా ఆరోజు నాట్యమాడింది, పాపం.

సంఘంలో లేచి చెప్పింది. "మరిదీ, కోర్టు తవ్వి మళ్ళీ గుంట చెయ్యాలి."

"గేదెలు బురదలో పొర్లితే బల్బులు వెలుగుతాయా వదినా? అయితే నేనూ పొర్లుతా, ఇంకో రెండు వెలుగుతాయి."

"నువ్వు దిగితే గేదెలు లేచిపోతాయి బాబూ." అందరూ గొల్లుమన్నారు. ఆమె మాత్రం నవ్వలేదు. "వాన నీళ్ళు ఆ గుంటలో నెలల తరబడి నిలిచి కొండలోకి ఇంకేవి. అవే చైత్‌లో మన వాగుకు ఊటయ్యేవి. ఇప్పుడేమో నీ కోర్టు మీద పడ్డ వాన పడ్డట్టే లోయలోకి జారిపోతోంది."

"అది నాన్న పేరున కట్టింది. గునపం వేస్తే ఊరుకోను."

"రెండు చైత్‌లు ఆగు. మీ నాన్న చెక్కిన ఆఖరి గీత దాకా నీళ్ళు రాకపోతే ఈ తాళంచెవి నీ చేతిలో పెడతా. గుంట కూడా నేనే పూడుస్తా."

టేక్‌మన్ సంఘంలోంచి లేచిపోయాడు. మర్నాడు రన్‌మాయ ఒక్కతే గునపం పట్టుకుని శిఖరమెక్కింది. మధ్యాహ్నానికి మొదట వచ్చింది టేక్‌మన్ పెళ్ళామే. "రోజుకు మూడుసార్లు ఎండిపోతున్న ఆ కింది ఊట నుంచి బిందె మోసేది నేనా, ఆయనా?" అంటూ పార అందుకుంది. తర్వాత ముప్ఫై మంది ఆడాళ్ళు వచ్చారు. టేక్‌మన్ వచ్చి, తండ్రి పేరున్న ఆ రాతిపలకను తానే పెళ్ళగించి ఇంటికి మోసుకుపోయాడు. ఆ రోజు నుంచి వదినతో మాట్లాడలేదు.

వాన కురిసింది, గుంట నిండింది, గేదెలు దిగాయి. ఊట మీది వాలుకు మేకలు పోకుండా కంచె వేసి చెట్లు నాటారు. మొదటి చైత్ వచ్చింది. నీళ్ళు కిందటేడు గీత దగ్గరే నిలిచాయి. చాలా నెలల తర్వాత టేక్‌మన్ నోరు విప్పాడు. "పెరగలేదుగా వదినా."

"తగ్గలేదుగా మరిదీ." పైకి అలా అన్నది గాని ఆమెకూ తెలుసు. ఇంకా మిగిలింది ఒక్క ఏడాదే.

రెండో చైత్‌లో ఊరంతా నల్లరాయి చుట్టూ చేరింది. మామగారి గీత కోసం వంగి వంగి చూశారు. ఎక్కడా కనబడలేదు.

"చెయ్యి పెట్టి చూడు," అంది రన్‌మాయ.

టేక్‌మన్ చొక్కా చెయ్యి మడిచి నీళ్ళలో పెట్టాడు. రాతిని తడిమి తడిమి ఒకచోట ఆగాడు. రెండు వేళ్ళ లోతున దొరికింది. చాలాసేపు చెయ్యి బయటికి తీయలేదు.

"నాన్న గీత మునిగింది వదినా," అన్నాడు.

రన్‌మాయకు అంత సంతోషం పెళ్ళినాడు కూడా కలగలేదు. ఉలి మరిది చేతిలో పెట్టి, "ఈ ఏటిది నువ్వు చెక్కు," అంది. తను పోయి రేకుల గది తాళం తీసింది. చైత్ నెల పట్టపగలు ధాన్యం మర గడగడలాడుతుంటే ఆడాళ్ళు బస్తాలు మోసుకొచ్చి వరస కట్టారు.

రాతిపలక ఇప్పుడు శిఖరం మీద, గుంట గట్టునే ఉంది. తండ్రి పేరు అలాగే ఉంచి, కింద ఉన్న 'క్రీడా మైదానం'ను టేక్‌మన్ అదే ఉలితో చెక్కి చెరిపేశాడు. దాని చోట వంకర అక్షరాలతో 'గేదెల గుంట' అని రాశాడు.