గుసగుసల కొలువు

నేను లైబ్రరీలో పని చేయాలని ఎప్పుడూ అనుకోలేదు. నేను పంతులమ్మను. హోసూరులో ఆడపిల్లల బడిలో ఒకటో తరగతికి చెప్పేదాన్ని. ఒకే గదిలో తెలుగు పిల్లలు, కన్నడం పిల్లలు, అరవం పిల్లలు. ఏ మాటైనా మూడు రకాలుగా చెప్పాల, అదీ గట్టిగా చెప్పాల. పక్క తరగతికీ మాకూ నడుమ గోడ లేదు, వెదురు తడిక ఒకటే. వాళ్లు ఎక్కాలు ఎత్తుకుంటే నేను గొంతు ఇంకొంచెం పెంచేదాన్ని. అట్లా పెంచి పెంచి, ఒక చలికాలం జ్వరం వచ్చి తగ్గినాక నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాలేదు.

మొదట జలుబు అనుకొన్నాము. మా అత్త మిరియాల కషాయం కాచి పోసింది, మెడకు వేడి ఉప్పు మూటతో కాపడం పెట్టింది. నెలలు గడిచినా గొంతు రాలేదు. మా ఆయన బస్సు డ్రైవరు. ఒక రోజు సెలవు పెట్టి బెంగుళూరుకు తీసకపోయి పెద్ద డాక్టరుకు చూపించినాడు. గొంతులో గడ్డలు కట్టినాయి, ఇంక గట్టిగా మాట్లాడే పని ఏదీ పెట్టుకోవద్దు అన్నాడు డాక్టరు. తిరిగి వచ్చేటప్పుడు బస్సు అత్తిబెలె ఊరు దాటింది. అప్పుడు మా ఆయన నా పక్కకు వంగి, "ఏమ్మే, ఇంక నువ్వు నన్ను తిట్టాలంటే చెవి దగ్గరికి రావాల కదా" అన్నాడు. నవ్వినాను. ఆ నవ్వుకు కూడా శబ్దం లేదు. అది తెలిసి ఏడుపు వచ్చింది.

మా బడి హెడ్మిస్ట్రెస్సు మంచామె. నా కోసం ఆఫీసుల చుట్టూ తిరిగి, కృష్ణగిరి శాఖా గ్రంథాలయంలో సహాయకురాలి పని ఇప్పించింది. మా ఆయన కృష్ణగిరి రూటు అడిగి మార్పించుకొన్నాడు. బస్టాండుకు దగ్గర్లో ఇల్లు తీసుకొన్నాము. మామిడికాయల కాలం, వీధి వీధంతా మాగిన వాసన. నాకేమో ఆ వాసనకు కూడా దిగులుగా ఉండేది. పిల్లల గోల లేని చోట బతకడం ఎట్లాగో తెలీదు నాకు.

లైబ్రేరియను ఒక పెద్దాయన. మెడ దాకా గుండీలు పెట్టిన కోటు, ముక్కు చివర కండ్లద్దాలు. మొదటి దినం నేను పక్కన నిలబడి, గొంతు ఇట్లా అయిందని చెప్పబోయినాను. ఆయన నా మొగం వైపే కాసేపు చూసి, "ఈడ గట్టిగా మాట్లాడితేనే తప్పమ్మా. నువ్వు రావాల్సిన చోటికే వచ్చినావు" అన్నాడు.

ఆయన కూడా తిన్నగా ఈ పనికి వచ్చిన మనిషి కాదు. హోసూరు వైపు కోర్టులో చానా ఏండ్లు దుబాసీగా చేసినాడు. తెలుగు రైతు చెప్పింది అరవంలో, కన్నడం గౌడ చెప్పింది ఇంగ్లీషులో, జడ్జీ అడిగింది మళ్లీ వాళ్ల భాషలో చెప్పే పని. ఆ కొలువు ఎందుకు వదిలినారని అడిగితే, "పుస్తకాల మీద ఆశ" అనేవాడు. అంతకన్న చెప్పేవాడు కాదు.

మా లైబ్రరీలో ఒక బీరువా ఉండేది. నిఘంటువులు, జిల్లా చరిత్ర, రైలు టైముల పుస్తకం, విజ్ఞాన సర్వస్వాలు, ఊర్ల పేర్లు, సంస్థల పేర్లు ఉండే లావు పుస్తకాలు. అవి ఎవరికీ ఇంటికి ఇవ్వరు. ఎవరైనా వచ్చి ఏదైనా అడిగితే వాటిలో వెతికి చెప్పాల. పెద్దాయనకు ఆ బీరువా ముందర బల్లంటే ప్రాణం. నాకు ఆ పని నేర్పించింది ఆయనే.

"మనిషి మొదట అడిగేది అసలు సంగతి కాదమ్మా. బోనెక్కిన సాక్షి కూడా అంతే, ముందు ఏదో పక్కమాట చెప్తాడు. తొందరపెట్టొద్దు. కూర్చోమను. ఇంకో మాట అడుగు" అనేవాడు.

ఒకసారి వేప్పనపల్లి వైపు నుంచి ఒక తోట ఆసామి వచ్చి ఇంగ్లీషు నిఘంటువు కావాలన్నాడు. ఇచ్చి ఊరుకొని ఉంటే అట్లే తిరగేసి పోయుండేవాడు. పెద్దాయన కూర్చోబెట్టి మాట్లాడితే, ఆసామి పంచె మడతలో నుంచి ఒక డబ్బా మీది కాగితం తీసినాడు. మామిడి పూతకు కొట్టిన మందు. ఆ చెట్ల కింద గడ్డి తన ఆవు మేసింది, పాలు పిల్లలకు పోయొచ్చునా లేదా, అదీ ఆయన అడగాలనుకొన్నది. ఆ పూట నేనే పశువుల ఆసుపత్రికి పరిగెత్తి కనుక్కొని వచ్చినాను. బడి పని వదిలినాక నాకు మొదటిసారి ఆకలేసింది ఆ దినమే.

ఆ మరుసటి ఏడు, ఒక సంతనాడు, ఒక ఆడమనిషి లోపలికి వచ్చింది. చింతపండు అమ్మి వచ్చినట్లుంది, చేతులంతా పులుపు వాసన. ఏడేండ్ల ఆడబిడ్డ ఒకటి ఆమె కొంగు పట్టుకొని ఉంది. ఆమె వాకిట్లోనే నిలబడి, "సామీ, పాటల పుస్తకం ఉందా ఈడ?" అని అడిగింది.

"యా పాటలమ్మా?" అన్నాడు పెద్దాయన.

"ఏ పాటలైనా సరే సామీ. చానా ఉండాల."

ఆయన నా వైపు చూసినాడు. నేను లేచి ఆమెను బెంచీ మీద కూర్చోబెట్టి కుండలో నీళ్లు ముంచి ఇచ్చినాను. ఎవరికమ్మా పాటలు అని అడిగినాను. నా మాట వినబడక ఆమె చెవి దగ్గరికి పెట్టింది. రెండోసారి అడిగినాక చెప్పింది.

"ఈ బిడ్డకు చెవుడక్కా. పుట్టినప్పట్నుంచి మాట లేదు. దినామూ గట్టిగా పాడి వినిపిస్తే చెవులు తెరుచుకొంటాయని మా ఊర్లో ఎవరో చెప్పినారు. నాటేటప్పుడు పాడేవి, విసిరేటప్పుడు పాడేవి, నాకొచ్చిన పాటలన్నీ పాడేసినాను. అన్నీ అయిపోయినాయి. టౌనులో పుస్తకాల ఇల్లు ఉంది, అడిగితే చెప్తారంటే వచ్చినాను."

బిడ్డ వైపు తిరిగినాను. అది నా నోరే చూస్తా ఉంది. ఏడాదిన్నరగా శబ్దం లేకుండా మాట్లాడి మాట్లాడి, పెదాలు బాగా కదిలించి, చేతులతో చూపించి చెప్పడం నాకు అలవాటైపోయింది. "దా" అన్నాను. వచ్చింది. "కూర్చో" అన్నాను. నా పక్కన కూర్చొంది. వాళ్లమ్మ చేతిలో లోటా అట్లే నిలబడిపోయింది.

"అక్కా, దీనికి నీ మాట యినపడిందా?"

"కనపడింది" అన్నాను.

బిడ్డ అప్పుడు పెద్దాయనను చూసింది. ఆయన ముందుకు వంగి వాళ్లమ్మ నోటి వైపే చూస్తా ఉన్నాడు. అది లేచి పోయి, కాసేపు ఆయన మొగం పరికించి, చిన్నగా చెయ్యెత్తి ఆయన చెవిని ముట్టుకొంది. తర్వాత తన చెవిని ముట్టుకొని నవ్వింది. పెద్దాయన మొగం ఎర్రబడింది. దాని తల నిమిరినాడు.

వాళ్లు పోయినాక చానాసేపు కండ్లద్దాలు తుడుస్తా కూర్చున్నాడు. "కనిపెట్టేసింది" అన్నాడు చివరకు. "కోర్టులో నేను ఏ పొరపాటూ చేయలేదమ్మా. కాకపోతే ఒక దినం ఒక ముసలాయన సాక్షి చెప్తా ఉంటే, ఒక మాట నా చెవిదాకా రాలేదు. మళ్లీ అడిగి సరిగ్గానే చెప్పినాను. ఆ మధ్యాహ్నమే రాజీనామా రాసిచ్చినాను. నేను వినని మాటకు ఎవరో జైలుకు పోతే?"

ఇన్నాళ్లూ ఆయన నా మొగంలోకి అంత శ్రద్ధగా చూసేది ఎందుకో నాకు అప్పుడు అర్థమైంది. పెదాలు చూసి మాట పట్టే ఆయనకు నా గుసగుస తక్కిన వాళ్ల మాట కన్న ఎక్కువా తక్కువా ఏమీ కాదు. "ఎవరికీ చెప్పను సార్" అన్నాను. "నువ్వు చెప్పినా ఎవరికి వినపడుతుందిలే" అన్నాడు. ఇద్దరం నవ్వినాము.

ఆ బీరువాలోని పుస్తకాలన్నీ ఆ వారం బల్ల మీదికి దిగినాయి. సేలం పెద్ద లైబ్రరీకి రాసినాము, బెంగుళూరుకు రాసినాము, మద్రాసుకు రాసినాము. చెవిటి పిల్లలకు పెదాలు చూసి మాట పట్టడం, రాయడం, చదవడం నేర్పించే బడులు ఉన్నాయని తెలిసింది. ఉండడానికి చోటు, తిండి కూడా ఇస్తారు. మద్రాసు బడి బిడ్డను చేర్చుకొంటామంది. ఇంక పాటలు అక్కరలేదని ఆమెకు చెప్పడం నాకు చానా కష్టమైంది. ఆమె విని, "పాడేది మానను కానీ, బడికి పంపిస్తాను" అంది.

వాళ్లాయన ఒప్పుకోలేదు. ఆ మనిషిని పెద్దాయనే పిలిపించినాడు.

"అంత దూరం ఆడబిడ్డను ఎట్ల పంపేది సామీ? ఆడ తెలుగు కూడా చెప్పరంట, అరవమంట. మా భాష గాదు" అన్నాడు అతను.

"మీ భాష ఏదప్పా?"

"తెలుగు సామీ."

"నీ బిడ్డ భాష?"

పెద్దాయనే గొంతు తగ్గించి, "నేను మూడు భాషలతో బతికినోణ్ని. దానికి ఒకటన్నా ఇద్దాము" అన్నాడు. అతను తుండుగుడ్డతో మొగం తుడుచుకొని, ఆ జూన్లో తానే బిడ్డను రైలెక్కించి మద్రాసులో వదిలొచ్చినాడు.

బిడ్డ పోయినాక వాళ్లమ్మ సంతకొచ్చినప్పుడల్లా మా దగ్గరికి వచ్చి కూర్చునేది. ఒక దినం, "అక్కా, రేప్పొద్దున అది రాసి చూపిస్తే నాకెట్ల తెలిసేది? నాకు అరవం అచ్చరాలు నేర్పు" అంది. నేను మళ్లీ చదువు చెప్తానని ఎప్పుడూ అనుకోలేదు. బీరువా వెనక చాప పరిచి, ఆమె తెచ్చిన చింతగింజలే అక్షరాల మాదిరి పేర్చి, ఆమె చెవిలో ఒక్కొక్క అక్షరమూ చెప్పినాను. గట్టిగా అరిచి అంతమందికి చెప్పినప్పుడు ఏనాడూ ఇంత నెమ్మదిగా చెప్పలేదు నేను. ఆమె తప్పు చేస్తే గింజలన్నీ కలిపేసి, మళ్లీ మొదట్నుంచి పేర్చేది.

రెండో ఏడు వేసవి సెలవులకు బిడ్డ వచ్చింది. ఎత్తుగా అయింది, రిబ్బను జడలు, చంకలో పలక. తల్లీ బిడ్డా నేరుగా మా దగ్గరికే వచ్చినారు. బిడ్డ పలక మీద అరవంలో రాసింది. వాళ్లమ్మ వేలు పెట్టి కూడబలుక్కొంటా చదివింది. 'నేను చిన్నప్పుడు నాకు తలస్నానం చేయించేటప్పుడు నువ్వు నోరు కదిలించేదానివి. ఏమనేదానివి?'

ఆమె కొంగుతో పలక తుడిచింది. తర్వాత బలపం తీసుకొని, పెదాలు కదిలిస్తా రాసింది. తనకు తెలిసిన అక్షరాలు అరవానివే, మాటలేమో తను అన్నవి అన్నట్లే తెలుగువి. బిడ్డ చదివింది, అర్థం కాలేదు. పలక తీసకపోయి పెద్దాయన ముందర పెట్టింది.

ఆయన పైకి చదివినాడు. "కండ్లు మూసుకో నాయనా, సీకాయ పడతాది."

కింద అరవంలో రాయడం మొదలుపెట్టినాడు. 'నాయనా' దగ్గర ఆగినాడు. ఉన్నదున్నట్లు రాస్తే అమ్మ తనను నాన్నా అని ఎందుకు పిలిచిందా అనుకొంటుంది బిడ్డ. ఆలోచించి 'కణ్ణే' అని రాసినాడు, మనం కన్నా అన్నట్లు అరవం తల్లులు బిడ్డలను పిలిచే మాట. "కోర్టులో ఒప్పుకోరు" అన్నాడు నాతో.

బిడ్డ చదివి, పలక తుడిచి, వాళ్లమ్మకు రాసింది. 'కండ్లు మూసుకొంటే నువ్వు కనపడవు కదా.'

సీకాయ మండతా ఉన్నా బిడ్డ కండ్లు తెరుచుకొనే ఉండేదని, మొండిదని ఎన్నోసార్లు వీపున కొట్టినానని వాళ్లమ్మ నాకు చెప్పి ఏడ్చింది. బిడ్డ ఆమె కొంగుతోనే ఆమె కండ్లు తుడిచింది.

పెద్దాయన రిటైరై హోసూరు పోయినాడు. పోయే ముందు నా పేరు పై వాళ్లకు రాసి, లైబ్రరీ శిక్షణకు మద్రాసు పంపించినాడు. ఆడ మొదటి దినం మమ్మల్ని ఒక్కొక్కరినీ ఈ పనికి ఎట్లా వచ్చినారని అడిగినారు. ఒకాయన పటాలంలో లెక్కలు రాసినవాడు. ఒకాయన పత్రికాఫీసులో తప్పులు దిద్దినవాడు, కండ్లు పోతా ఉన్నాయని వచ్చినాడు. ఒకామె నర్సుగా చేసి, రక్తం చూడలేక వచ్చింది. చిన్నప్పట్నుంచి ఇదే కోరుకొన్నామన్నవాళ్లు ఒక్కరూ లేరు. నా వంతు వచ్చినప్పుడు నేను లేచి చెప్తా ఉంటే గదంతా నిశ్శబ్దమైపోయింది, వినడానికి. ఆదివారాలు బిడ్డను చూడడానికి వాళ్ల బడికి పోయేదాన్ని. ఇద్దరం సముద్రం గట్టున కూర్చొని గంటలకొద్దీ కబుర్లాడేవాళ్లం. చూసేవాళ్లకు మేమేం చేస్తా ఉన్నామో తెలిసేది కాదు.

తర్వాత నన్ను హోసూరు లైబ్రరీకి వేసినారు. పెద్దాయనకు అప్పటికి రెండు చెవులూ పోయినాయి. సాయంత్రాలు వచ్చి నా బల్లకు ఎదురుగా కూర్చొని, వచ్చినవాళ్ల పెదాలు చూస్తా, వాళ్లు అసలు ఏమడగాలనుకొంటున్నారో నాకు చెయ్యి తిప్పి చూపించేవాడు. చానామటుకు సరిగ్గానే చెప్పేవాడు.

బిడ్డ చదువు అయినాక కుట్టుపని నేర్చుకొని ఊరికి తిరిగి వచ్చేసింది. ఇంటి ముందర మిషను పెట్టుకొంది. ఒకనాడు వాళ్లమ్మ బస్సెక్కి హోసూరుకు నా దగ్గరికి వచ్చింది. మొగం వెలిగిపోతా ఉంది. బిడ్డకు సంబంధమేదో కుదిరిందేమో అనుకొన్నాను.

"నిన్న మేమిద్దరం బాగా పోట్లాడుకొన్నామక్కా" అంది. "నేను ఒక మాట రాస్తే అది నాలుగు రాసింది. పలక చాలక, సున్నం కొట్టిన గోడంతా బొగ్గుతో రాసి పారేసింది. వాళ్ల నాయన వచ్చి చూసి, ఈ ఇంట్లో ఇంత గలాటా ఎప్పుడూ లేదన్నాడు."

ఆమెను కూర్చోబెట్టి నీళ్లిచ్చినాను. ఏం రాసిందో చెప్పమన్నాను. అన్నీ వరసగా చెప్పింది.