జాతి గడిలో మనిషి

మా పశువుల ఆసుపత్రి రిజిస్టరులో రెండు వందల పన్నెండో వరుస చూస్తే ఎవరికైనా నవ్వు వస్తుంది. జాతి అన్న గడిలో ‘మనిషి’ అని ఉంటుంది. రంగు: చామనచాయ. వయసు: ముప్పై ఎనిమిది. ఈతలు, అంటే కాన్పులు: రెండు. యజమాని గడిలో మాత్రం పెన్ను గట్టిగా నొక్కి ‘ఎవరూ లేరు’ అని రాసి ఉంటుంది. రాసింది మా డాక్టరమ్మ. రాసుకున్నది తన గురించే.

నేను ఆ ఆసుపత్రి ల్యాబులో పదకొండేళ్ళుగా పశువుల రక్తం పరీక్షిస్తున్నాను. డాక్టరమ్మ నాకంటే రెండేళ్ళు ముందు వచ్చింది. బక్కపలచటి మనిషి, చేతులు మాత్రం పొడుగు. అడ్డం తిరిగిన దూడని లోపలే సరిచేసి బయటికి లాగడంలో ఆవిడ తర్వాతే ఎవరైనా. ఆ పని నేర్పింది మా పెద్ద డాక్టరు. ఆసుపత్రికి ఆయనే అధికారి. జీవితంలో గ్లవ్సు తొడగలేదని ఆయనకి గొప్ప.

“గ్లవ్సు తొడుక్కునేలోపు దూడ పోతుందమ్మా. రబ్బరు అడ్డముంటే కాలేదో తోకేదో ఎలా తెలుస్తుంది?” అనేవాడు.

మా దగ్గర అదే మగతనం, అదే పనితనం. గ్లవ్సు అడిగినవాళ్ళకి ‘పెళ్ళికూతురు’ అని పేరు పెట్టేవాళ్ళు. భుజం దాకా వచ్చే గ్లవ్సు డబ్బా ఒకటి బీరువాలో ఉండేది, పై ఆఫీసు వాళ్ళు వస్తే చూపించడానికి. ఎన్నేళ్ళనాటిదో, విప్పితే ఒకదానికొకటి అతుక్కుపోయి ఉండేవి. అప్పట్లో డాక్టరమ్మ కూడా వాటి వంక చూసేది కాదు. ఆ మాట ఆవిడే చెప్పుకుంటుంది.

ఒకరోజు ఒక డెయిరీలో ఏడో నెలలోనే ఆవు ఈసుకుపోయింది. దూడ చచ్చి పడింది, మాయ పడలేదు. డాక్టరమ్మ మోచెయ్యి దాటి చెయ్యి పెట్టి, ముప్పావుగంట కష్టపడి మాయంతా తీసింది. బొటనవేలి పక్కన కత్తిపీట గాటు ఒకటి ఉంది, పొద్దున కూర తరుగుతుంటే తెగింది. అంత చిన్న గాటుని ఎవరు పట్టించుకుంటారు?

మూడు వారాలకి జ్వరం మొదలైంది. పొద్దున బాగానే ఉంటుంది, సాయంత్రం నాలుగయ్యేసరికి ఒళ్ళు కాలిపోతుంది. తెల్లారేసరికి పక్క తడిసిపోయేంత చెమట. మోకాళ్ళు పట్టేసి మెట్లు ఎక్కలేకపోయేది. ఒక డాక్టరు టైఫాయిడ్ అన్నాడు. ఇంకొకాయన మలేరియా అన్నాడు. మూడో ఆయన కళ్ళజోడు తుడుచుకుంటూ, “ఇంట్లో ఏమైనా దిగులా అమ్మా?” అని అడిగాడట. ఆ మాట విని నాకు ఒళ్ళు మండింది. ఆడదానికి జ్వరం తగ్గకపోతే మనసు మీదికి తోసెయ్యడం ఎంత సులువో!

అసలు గుట్టు విప్పింది ఆవిడ అత్తగారు. ఆ పెద్దావిడకి నోటి దురుసు ఎక్కువ, ప్రేమ అంతకంటే ఎక్కువ. నాలుగోనెల కూడా జ్వరం తగ్గకపోయేసరికి కంచం ముందు పెడుతూ, “మనుషుల మందులకి లొంగట్లేదంటే ఇది మనుషుల జ్వరం కాదే కోడలా. నీ గొడ్లదే అయ్యుంటుంది!” అని వేళాకోళమాడింది.

డాక్టరమ్మ ముద్ద అక్కడే వదిలేసి చెయ్యి కడుక్కుందట.

మర్నాడు నేను ల్యాబు తలుపు తీసేసరికి చెయ్యి చాపుకుని కూర్చుని ఉంది. “ఈసుకుపోయిన ఆవులకి చేస్తావే, ఆ పరీక్ష నాకు చెయ్యి.”

“మీకా మేడమ్? అది గొడ్లకి కదా!”

“రక్తానికి కొమ్ములుంటాయా? చెయ్యి.”

తెల్లటి పలక మీద ఆవిడ రక్తం నుంచి తీసిన తేట ఒక చుక్క, దాని పక్కన గులాబీ రంగు మందు ఒక చుక్క. పుల్లతో కలిపి పలకని అటూ ఇటూ ఊపాను. రెండు నిమిషాలు కాకుండానే చుక్క పాలు విరిగినట్టు విరిగిపోయింది. విరిగితే రోగం ఉన్నట్టే, ఆవుల్ని ఈసుకుపోయేలా చేసే బ్రూసెల్లోసిస్. ఆవిడ రిజిస్టరు లాక్కుని రాయడం మొదలుపెట్టింది. ఆ కాగితం తీసుకుని మనుషుల ఆసుపత్రికి వెళితే వాళ్ళూ మళ్ళీ పరీక్ష చేసి అవునన్నారు. ఆరు వారాలు మందులు మింగింది. జ్వరం పోయింది కానీ మోకాళ్ళ నొప్పి పూర్తిగా పోలేదు.

తిరిగి వచ్చిన రోజే, పెద్ద డాక్టరు కాక ఆసుపత్రిలో పనిచేసే మిగతా ఏడుగురి రక్తమూ ఇమ్మంది. ఆరుగురు ఇచ్చారు. కాంపౌండరుది విరిగింది. మూడేళ్ళుగా బస్తాలు మొయ్యడం వల్ల నడుము పట్టేసిందనుకుంటున్నాడు పాపం. ఏడోదాన్ని నేను. ఇవాళ కాదు రేపు అంటూ దాటేశాను. రోగం ఉందని తేలితే ఉద్యోగం పోతుందేమోనని భయం. ఊళ్ళో గొడ్లన్నిటి రక్తం చూసే నేను నా చెయ్యి చాపలేకపోయాను.

డాక్టరమ్మ గ్లవ్సు కావాలని ఉత్తరం మీద ఉత్తరం రాసింది. అవి పెద్ద డాక్టరు బల్ల దాటి వెళ్ళలేదు. ఇంతలో పై ఆఫీసు నుంచి తనిఖీకి వస్తున్నారని తెలిసింది. ముందురోజు మధ్యాహ్నం పెద్ద డాక్టరు రిజిస్టరు చంకన పెట్టుకుని, ఎర్ర పెన్ను పట్టుకుని ల్యాబులో ఉన్న డాక్టరమ్మ దగ్గరికి వచ్చాడు.

“ఇదేం వేషాలమ్మా? పశువుల రిజిస్టరులో మనిషి ఏంటి? కొట్టెయ్.”

“మనుషులకి రిజిస్టరు పెట్టండి సార్. అందులోకి మారుస్తాను.”

“డాక్టరుకే రోగం అంటే నా పరువేం కావాలి? మొండికేశావంటే మూటాముల్లె సర్దుకోవాల్సి వస్తుంది, చెప్తున్నా. కొండ చివర ఆసుపత్రి ఖాళీగానే ఉంది.”

అది ఉత్త బెదిరింపు కాదు. అంతకుముందు ఇద్దరిని అలాగే పంపించాడు. డాక్టరమ్మ పిల్లలిద్దరి బడి ఇక్కడే, భర్త సైకిళ్ళ కొట్టూ ఇక్కడే.

“తప్పు రాస్తే కొట్టేస్తాను. తప్పెక్కడుందో చూపించండి.”

ఆయన కుర్చీ లాక్కుని కూర్చుని, స్కేలు పెట్టి ఎర్ర గీత కొట్టాడు. డాక్టరమ్మ రిజిస్టరు తన వైపు తిప్పుకుని, ఖాళీగా ఉన్న వరుసలో మళ్ళీ రాసింది. జాతి: మనిషి. ఈతలు: రెండు. ఆయన అదీ కొట్టేశాడు. ఆవిడ మూడోసారి రాసింది.

“ఎన్ని కొడతారో కొట్టండి సార్. ఇంకా నూట ఎనభై పేజీలున్నాయి.”

మొండివాడు రాజు కంటే బలవంతుడంటారు. మొండిది ఇంకెంత బలవంతురాలో ఆ రోజు చూశాను. నాకు సిగ్గేసింది. పెన్ను తీసుకుని మూడో వరుస కింద నా వివరాలు రాసి, “నా రక్తం కూడా తియ్యండి మేడమ్” అన్నాను. గుమ్మంలో నిలబడ్డ కాంపౌండరు, “నాది రాయనేలేదు, విరిగింది కదా, రాయండి” అంటూ లోపలికి వచ్చాడు.

పెద్ద డాక్టరు ఎర్ర పెన్ను జేబులో పెట్టుకున్నాడు. లేవబోయి, నడుం పట్టేసి, బల్ల ఆసరా చేసుకున్నాడు.

“ఆ నొప్పి ఎన్నేళ్ళ నుంచి సార్?” అని అడిగింది డాక్టరమ్మ. ఆయన నడుం పట్టుకునే బయటికి నడిచాడు.

మర్నాడు వచ్చిన అధికారి ఆ పేజీ చూసి మొదట పకపకా నవ్వాడు. తర్వాత కింద వరుసలు చదివాడు, నవ్వడం మానేశాడు. బీరువాలో డబ్బా చూపించమంటే డాక్టరమ్మే తెచ్చి, అతుక్కుపోయిన గ్లవ్సు ఆయన చేతిలో పెట్టింది. నెల తిరిగేసరికి కొత్త డబ్బాలు నాలుగు వచ్చాయి. బదిలీ కాగితం రాలేదు. నా చుక్క విరగలేదు.

కొత్త డబ్బాలు వచ్చిన వారానికి, పొద్దున్నే, ఎవరూ రాకముందు పెద్ద డాక్టరు ల్యాబుకి వచ్చాడు. స్టూలు మీద కూర్చుని చొక్కా చెయ్యి పైకి మడిచాడు.

“ఇరవై ఏళ్ళమ్మా” అన్నాడు. “తీసెయ్, త్వరగా.”

డాక్టరమ్మ ఏ మాత్రం తొందరపడలేదు. డబ్బా విప్పింది. ఎడమ చేతికి గ్లవ్సు తొడిగింది, వేళ్ళు ఒక్కొక్కటే సర్దుకుంది. తర్వాత కుడి చేతికి తొడిగింది. ఆయన చెయ్యి చాపుకుని అలాగే కూర్చున్నాడు.

గ్లవ్సు తొడుక్కునేలోపు ఎవరూ పోలేదు.