మూడు బ్యాటరీలు, ఒక గుట్ట

పెళ్లి వీడియోలు తీసేవాడి చేతికి సైకిల్ తొక్కే మనిషి దొరికితే ఏమవుతుందో నాకు ఆ ఆదివారం తెలిసింది. గుట్ట ఎక్కుతూ, నోరు తెరుచుకుని ఎద్దులా రొప్పుతున్నాను. నెత్తి మీద డ్రోన్ గుయ్యిమంటోంది. రోడ్డు పక్కన రిమోట్ పట్టుకుని నిలబడ్డ మా తమ్ముడు అరిచాడు: “అక్కా, జర సిగ్గువడు!”

ఎవరిని చూసి సిగ్గుపడాలో మాత్రం చెప్పలేదు.

నాకు నలభై మూడేళ్లు. అమీర్‌పేటలో ఒక కోచింగ్ సెంటర్ మూడో అంతస్తులో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చెబుతాను. మా క్లాసురూములో కిటికీ తెరిస్తే మెట్రో చప్పుడు, మూస్తే ఉక్క. ఇంకొకరు చేసిన పనిలో తప్పు పట్టడం, పట్టిన తప్పును దాచకుండా రిపోర్టు రాయడం, ఇదే నేను నేర్పే విద్య. “ఏం చేశారు, ఎన్నిసార్లు చేశారు, ఏం జరగాలి, ఏం జరిగింది, నాలుగూ రాయండి. ఫెయిలైన రోజు ఇంకా శుభ్రంగా రాయండి.” ప్రతి బ్యాచ్‌కూ చెప్పీ చెప్పీ ఈ మాటలు నేను నిద్రలో కూడా కలవరిస్తానని మా ఆయన ఫిర్యాదు.

సైకిల్ నలభై ఒకటో ఏట నేర్చుకున్నాను. చిన్నప్పుడు తమ్ముడు నేర్చుకుంటుంటే సీటు పట్టుకుని వెనకాల ఉరికింది నేనే. నాకు నేర్పుతామని ఎవరూ అనలేదు, నేనూ అడగలేదు. ఇన్నేళ్లకు కోరిక పుట్టి, పొద్దున్నే షేర్ ఆటోలు రోడ్డెక్కకముందే లేచి తొక్కడం మొదలుపెట్టాను. పంజగుట్ట ఫ్లైఓవర్ ఆగకుండా ఎక్కిన రోజు సంతోషం పట్టలేక పైనుంచే మా ఆయనకు ఫోన్ చేశాను. “మంచిగైంది. వచ్చేటప్పుడు కొత్తిమీర తే” అన్నాడు.

తర్వాత ఒక సైకిల్ గ్రూపులో చేరాను. దాన్ని నడిపేది బేగంపేటలో ఉండే ఒక రిటైర్డ్ ఆఫీసరు. కోస్తా మనిషి. ఎవరినైనా ‘అండి’ అనకుండా పలకరించరు, ఎవరికీ రూలు సడలించరు. వచ్చే నెల గ్రూపంతా నల్లమల ఘాట్ మీదుగా శ్రీశైలం వెళ్తున్నారు. ఆ లిస్టులో నా పేరు ఉండాలని నాకు పిచ్చి ఆశ. ఎందుకంత ఆశ అంటే, నేను ఇన్నేళ్లుగా ఎంతోమందిని తయారు చేసి ఇంటర్వ్యూలకు పంపాను, వాళ్లు సెలెక్ట్ అయితే స్వీట్లు తిన్నాను. నన్ను మాత్రం ఎవరూ దేనికీ సెలెక్ట్ చేయలేదు.

కానీ నా మీద ఒక మచ్చ ఉంది. అంతకుముందు ఒక ఆదివారం చిన్న ఎత్తు దగ్గర నేను టక్కున కాలు కింద పెట్టేస్తే, నా వెనక వరసలో వస్తున్న వాళ్లంతా ఒకరి మీద ఒకరు పడబోయారు. అందరూ “పర్లేదు మేడమ్” అన్నారు. తిట్టినా బాగుండేది. ఆ తర్వాత ఆఫీసరుగారు ఫోన్ చేశారు.

“ఘాట్ రోడ్డులో లారీలు వస్తుంటాయండి. మధ్యలో ఒకరు ఆగితే వెనకాల అందరికీ ప్రమాదం. వికారాబాద్ దాటాక ఒక చిన్న ఘాట్ ఉందండి. అది కింద నుంచి పైదాకా కాలు కింద పెట్టకుండా ఎక్కి, ఆ వీడియో ఆదివారం సాయంత్రం ఆరులోపు పంపండి. మేమందరం పంపినవాళ్లమే.”

నేను తిన్నగా తమ్ముడి దగ్గరికి వెళ్లాను. వాడికి పంజగుట్టలో ఒక సందులో పెళ్లి వీడియోల స్టూడియో ఉంది. బైకు మీద నా వెనకాలే వచ్చి ఫోనులో తీస్తే చాలురా అన్నాను. వాడికి అవమానమైంది.

“బైక్ మీద బారాత్ తీస్తరు అక్కా. నీకు డ్రోన్ పెడత.”

“అది నా వెంట సరిగ్గా వస్తుందా?”

“ఫికర్ చెయ్యకు. పెండ్లికూతుర్లనే ఇడువది, నిన్ను ఇడుస్తదా?”

పక్కనే బేగంపేట పాత ఎయిర్‌పోర్టు ఉంది కాబట్టి మా దగ్గర దాన్ని ఎగరేసి చూసే వీలు లేదు. సిటీలో ఉన్నన్ని రోజులూ అది సంచిలోనే ఉంటుంది. పెళ్లికి ముందు జంటలను గుట్టల్లోకి తీసుకుపోయి షూటింగ్ చేసేటప్పుడే దానికి గాలి తగిలేది. అక్కడ ఎవరి అనుమతి కావాలో, ఏ కాగితం కావాలో వాడికి తెలుసు. తెలియనిదల్లా ఒక్కటే. పెళ్లికూతుళ్లు గుట్టలెక్కరు. ఒకచోట నిలబడి కొంగు ఎగరేస్తారు.

ఆదివారం తెల్లవారుతూనే కారు వెనక సైకిల్ కట్టుకుని వెళ్లాం. డ్రోన్‌కు మూడు బ్యాటరీలున్నాయి. ఒక్కో బ్యాటరీ ఒకసారి గుట్ట ఎక్కడానికి సరిపోతుంది. వాడు స్క్రీన్ మీద నా బొమ్మ చుట్టూ వేలితో ఒక డబ్బా గీశాడు. ఆ డబ్బాలో ఉన్న మనిషి ఎటు పోతే డ్రోన్ అటు వస్తుందట. నేను గ్రూపు జెర్సీ వేసుకున్నాను. కళ్లు జిగేలుమనే పసుపు రంగు. “గీ రంగుకు గుడ్డిది సుత గుర్తువడ్తది” అన్నాడు తమ్ముడు.

మొదటిసారి కింద నుంచి ఎగరేశాడు. అది చెట్టంత ఎత్తున నా వెంట వస్తుంటే నాకు నిజంగా రెక్కలు వచ్చినట్టయింది. సిగ్గుపడమన్నది అప్పుడే. రెండు మలుపులు తిరిగాక చప్పుడు మరీ దగ్గరగా వినిపించి పక్కకు చూస్తే, డ్రోన్ నా భుజం ఎత్తున ఉంది! అది ఎత్తు కొలుచుకునేది తాను ఎగిరిన చోటు నుంచి. రోడ్డు పైకి పోతోందని దానికేం తెలుసు? అది ఉన్న ఎత్తులోనే ఉంది, నేనే దాని దగ్గరికి ఎక్కేశాను. ఎదురుగా ఒక వేపకొమ్మ కనిపించగానే ఠక్కున ఆగిపోయింది. నేను ఆగకుండా పైదాకా ఎక్కి, కాలు కింద పెట్టకుండానే గుట్ట మీద రెండు చుట్లు కొట్టి, “ఎక్కేశా!” అని కేకలు పెట్టాను. డ్రోన్ మాత్రం ఎక్కడ వేసిన గొంగళి అక్కడే అన్నట్టు వేపచెట్టును చిత్రీకరిస్తోంది.

తమ్ముడు కారులో పైకి వచ్చాడు. వాడి ముఖం చూసి నా కేకలు ఆగాయి.

“మస్తు ఎక్కినవ్ అక్కా. గని ఇంకోపారి ఎక్కాలె.”

పెళ్లిలో తలంబ్రాలు మళ్లీ పోయించినంత తేలిగ్గా అన్నాడు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం.

రెండోసారి వాడు మధ్య మలుపులో, కింద పైన రెండూ కనిపించే చోట నిలబడి, డ్రోన్‌ను బాగా ఎత్తుకు లేపాడు. అంత పైనుంచి చూస్తే నేను ఒక పసుపు చుక్క. చెట్ల కిందికి పోతే చుక్క మాయం, బయటికొస్తే మళ్లీ చుక్క. నేను పళ్లు బిగించి తొక్కుతుంటే మలుపు దగ్గర వాడు స్క్రీన్ మీద నుంచి కళ్లు తీయకుండా, పక్కనుంచి పోతున్న నన్ను చూడకుండా అరుస్తున్నాడు: “శభాష్ అక్కా! ఏం తొక్కుతున్నవ్ అక్కా! నీకు గింత బలం యాడికెల్లి వచ్చింది!”

నాలో అంత బలం లేదని నాకు తెలుసు. అయినా పొగిడితే ఎవరికి చేదు? కాలు పెట్టకుండానే రెండోసారీ ఎక్కేశాను. పైన టీకొట్టు దగ్గర ఆగి చూస్తే తలపైన డ్రోన్ లేదు. కాసేపటికి చప్పుడు వినిపించింది. డ్రోన్ దర్జాగా వస్తోంది. దాని కింద ఒక పెద్దాయన, పాత సైకిల్‌కు రెండువైపులా పాలక్యాన్లు, కాళ్లకు చెప్పులు, ఒంటి మీద రోడ్డు పనివాళ్లు వేసుకునే జిగేల్ పసుపు జాకెట్. డ్రోన్ ఆయన చుట్టూ ప్రేమగా ఒక ప్రదక్షిణ చేసింది.

ఆయన సైకిల్ దిగి టీకొట్టు బల్ల మీద కూలబడ్డాడు.

“గదేందమ్మా, గా తూనీగ? చెట్ల కాడికెల్లి నా ఎన్క వడ్డది!”

నేను సంగతంతా చెప్పి క్షమించమన్నాను. ఆయన తువ్వాలుతో ముఖం తుడుచుకుని నవ్వాడు.

“రోజు గా నిట్టనిలువు మలుపు కాడ దిగి నడిపిచ్చుకుంట వస్తనమ్మా. గియ్యాల గది మీదికెల్లి సూస్తుండె. దిగబుద్ధి గాలె. పానం వోయింది గని దిగలె!”

నేను నవ్వలేక బల్ల పట్టుకున్నాను. కారులో పైకి వచ్చిన తమ్ముడు పెద్దాయనను, నన్ను, స్క్రీన్‌ను మార్చి మార్చి చూసి, నేను గింతసేపు పొగిడింది గీయిననా అన్నాడు. మూడు టీలు తాగాం. తాగుతుండగా గుర్తొచ్చింది, మిగిలింది ఒక్కటే బ్యాటరీ. నవ్వు ఆగిపోయింది. తొడలు అప్పటికే వణుకుతున్నాయి.

మూడోసారి తమ్ముడు పద్ధతి మార్చాడు. చివరి మలుపు దాటాక, కొన దగ్గర నిలబడి పైనుంచి ఎగరేశాడు. ఇక రోడ్డు పైకి లేచి డ్రోన్‌ను ముట్టుకునే ప్రసక్తి లేదు, నేనే దాని దగ్గరికి వస్తుంటాను. పెళ్లికూతురు మండపంలోకి నడిచి వచ్చేటప్పుడు కెమెరా ఎదురుగా ఉండి వెనక్కి జరుగుతుంది చూడండి, అదే లెక్క. ఎత్తు కూడా వాడే చేత్తో సరిచేశాడు. ఈసారి అది నన్ను ఒక్క క్షణం వదల్లేదు. నేను ఆయాసపడుతూ, మనసులో తిట్టుకుంటూ, ఇంకో తొక్కు, ఇంకో తొక్కు అనుకుంటూ చివరి మలుపు తిరిగాను. కొన కనిపించింది. అప్పుడు అరిచాడు మా తమ్ముడు.

“అక్కా, మంచిగొస్తుంది! సిగ్గువడు! పెండ్లికొడుకు గా కిలోమీటర్ రాయి అనుకో, గటు సూడు!”

చూశాను. అదే నేను చేసిన తప్పు. ఆ రాయి పొట్టిగా, గుండ్రంగా, తలకు కొత్తగా రంగేసుకుని ఉంది. అచ్చం మా ఆయనే! కొత్తిమీర కోసం ఎదురుచూస్తున్నట్టు రోడ్డు పక్కన నిలబడ్డాడు. నాకు నవ్వు పొంగుకొచ్చింది. హ్యాండిల్ ఊగింది. ఒక్క సెకను, ఒకే ఒక్క సెకను, ఎడమకాలు రోడ్డుకు తగిలింది. వెంటనే ఎత్తేసి, నవ్వుతూనే కొన దాకా తొక్కాను. కానీ తగిలింది.

సాయంత్రం ఐదున్నరకు పంజగుట్ట స్టూడియోలో పెద్ద స్క్రీన్ మీద చూశాం. ఎంత బాగుందో చెప్పలేను. పచ్చటి గుట్ట, నల్లటి మెలికల రోడ్డు, దాని మీద పకపకా నవ్వుతూ వస్తున్న ఒక ఆడమనిషి. అది నేనే అంటే నాకే నమ్మబుద్ధి కాలేదు. ఆ నవ్వు మధ్యలో కాలు కూడా స్పష్టంగా కనిపిస్తోంది.

“గిదొక్క సెకను గదా, కోసేస్త” అన్నాడు తమ్ముడు. “పెండ్లిళ్లల్ల మామ అలిగింది, అల్లుడు తుమ్మింది, అన్ని కోస్త. దేవునికి సుత తెల్వది.”

అబద్ధమెందుకు, నేను “కొయ్యి” అన్నాను. కోశాడు. అతుకు ఎక్కడుందో నాకే దొరకలేదు. ఫోనులో పంపే గుర్తు మీద వేలు పెట్టాను. వేలు కదల్లేదు. చెప్పేవి శ్రీరంగనీతులు అని నన్ను నేనే తిట్టుకున్నాను. డ్రోన్ మీద కూడా ఒళ్లు మండింది. నేను రెండుసార్లు గెలిచినప్పుడు చెట్టునూ పాలాయననూ చూసుకుంటూ కూర్చున్నది, ఒక్క సెకను ఓడిపోతే రెప్ప వేయకుండా చూసింది. శ్రీశైలం ఘాట్ కళ్ల ముందే చేజారిపోతుంటే ఏడుపొచ్చింది.

ఆరుకు పది నిమిషాలుందనగా, క్లాసులో చెప్పినట్టే రాశాను. ఒకటో ప్రయత్నం: కాలు పెట్టలేదు, రుజువు లేదు, డ్రోన్ చెట్టు దగ్గర ఆగింది. రెండో ప్రయత్నం: కాలు పెట్టలేదు, రుజువు లేదు, డ్రోన్ వేరే ఆయన వెంట పోయింది. మూడో ప్రయత్నం: చివరి మలుపు దాటాక కాలు పెట్టాను, రుజువు ఉంది. ఫలితం: ఫెయిల్. కోత లేని మూడు వీడియోలూ జతచేసి పంపేశాను. తమ్ముడు తల పట్టుకున్నాడు.

ఆరున్నరకు ఆఫీసరుగారి ఫోన్ వచ్చింది. స్పీకర్‌లో పెట్టాను.

“చూశానండి మేడమ్. కాలు పెట్టారు.”

“అవునండి.”

“ఒక్క సందేహం. ఈ మూడు ప్రయత్నాలూ ఏయే వారాలవండి?”

“వారాలేం కాదండి, ఇవాళ పొద్దుటివే. డ్రోన్ సరిగ్గా రావట్లేదని మా తమ్ముడు మళ్లీ మళ్లీ ఎక్కించాడు.”



“ఒకే పొద్దున మూడుసార్లా? ఒక్కసారి ఎక్కి నేను రెండు రోజులు మంచం దిగలేదండి. మాలో రెండోసారి ఎక్కినవాళ్లే లేరు.”

ఎన్నిసార్లు చేశారో రాయండి అని లోకానికంతా చెప్పే నేను, రాసి కూడా లెక్క చూసుకోలేదు. రోజంతా ఆ ఒక్క సెకనునే లెక్కపెట్టాను.

“మూడోది దాచకుండా రాశారు కాబట్టి మొదటి రెండూ నమ్ముతున్నానండి. మీ పేరు లిస్టులో రాసేశాను” అన్నారు ఆయన. నేను కుర్చీలోంచి ఎగిరి తమ్ముణ్ని పట్టుకుని గంతులేస్తుంటే ఫోనులో గొంతు సవరించుకున్న చప్పుడు. “ఇంతకీ మేడమ్, ఆ రెండో వీడియోలో పాలక్యాన్ల పెద్దాయన ఎవరండి? గేర్లు లేవు, చెప్పులేసుకున్నారు, ఎక్కడా కాలు పెట్టలేదు. మనతో వస్తారేమో కనుక్కుంటారా?”

“ఆయన రోజూ అక్కడ దిగి నడుస్తారటండి. డ్రోన్ చూస్తోందని సిగ్గుపడి దిగలేదట.”



“అయితే ఆ డ్రోన్‌ను కూడా తీసుకురండి మేడమ్. మాలో చాలామందికి అవసరం.”

తమ్ముడు అప్పటికే మూడు బ్యాటరీలూ ఛార్జింగ్‌కు పెడుతున్నాడు.