బాపు లేడు, ఆగుండ్రి

తండ్రి పేరు నిలబెట్టే కొడుకుల గురించి మీరు వినే ఉంటారు. తండ్రి పేరులో ఒక్క అక్షరం ఎక్కువ రాసి, ఆయన బతికుండగానే బోధన్ నుంచి రెంజల్ దాకా చావు కబురు చాటిన కొడుకును ఇప్పుడు చూడండి. నేనే, మహేశ్‌ను.

అప్పట్లో బోధన్ దగ్గర ఒక చెరకు కాంటాలో కంప్యూటర్ చూసుకునేవాణ్ణి. ట్రాక్టర్లు వచ్చిన వరుసలో టోకెన్లిచ్చి, గేటు దగ్గరి పెద్ద తెర మీద నంబరు చూపించడం దాని పని. నంబరు పడితేనే బండి కాంటా ఎక్కాలి. ఆ సాఫ్ట్‌వేర్‌ను కంటైనర్లలో పెట్టాను. లారీ మీద పోయేవి కావండీ. ఒక్కో ప్రోగ్రాం తన సామానుతో సహా విడిగా కూర్చునే డబ్బాలనుకోండి. టోకెన్లు దాచే డబ్బాకు, మా నాన్నను పిలిచినట్టే ‘బాపు’ అని, తెర నడిపే డబ్బాకు ‘అన్న’ అని ముద్దుగా పేర్లు పెట్టాను. కొన్నాళ్లకు, కొత్త వెర్షన్ రాగానే అవి వాటంతటవే మారేలా చేశాను. బాపు మారేటప్పుడు అన్న ఆగాలి, బాపు లేచాకే అన్న పని మొదలుపెట్టాలి. ఈ నియమం ఇంగ్లీషు అక్షరాల్లో ఒక్క లైను. రాసేసి నా భుజం నేనే తట్టుకున్నాను.

మర్నాడు మిట్టమధ్యాహ్నం అప్‌డేట్ నడిచింది. తెర మీద నంబరు పోయింది. పరీక్ష కోసం ఎప్పుడో రాసుకుని, తీసేయడం మరిచిన మాట గజమెత్తు అక్షరాల్లో వెలిగింది: ‘బాపు లేడు. ఆగుండ్రి.’

గేటు నుంచి రోడ్డు దాకా ట్రాక్టర్లే. ముందున్నది కోస్తా నుంచి వచ్చి చందూర్‌లో స్థిరపడ్డ రైతు వెంకట్రావు గారిది. ఆయన కిటికీ దగ్గరికి వచ్చారు.

“బాబూ, నిన్న కోసిన చెరకండీ. ఎండకి రసం లాగేస్తంది. సాయంత్రం దాకా ఉంటే పిప్పే మిగులుద్ది.”

బాపు డబ్బాను చూశాను. నిక్షేపంగా లేచే ఉంది. అన్నను ఆపి మళ్లీ లేపాను. ‘బాపు లేడు.’ ఇంకోసారి లేపాను. ‘బాపు లేడు.’ చెమటలు కారిపోతుంటే తల పట్టుకున్నాను. కాంటా నడిపే సాయన్న లోపలికొచ్చి భుజం మీద చెయ్యి వేశాడు.

“లే తమ్మీ, ఇంటికి పో. గింత దుఃఖంల పనేంది?”

“పోతే ఎట్లనే? బాపును లేపాలె.”

“పోయినోన్ని ఎట్ల లేపుతవు బిడ్డా?”

“లేస్తడే. పోయిన వారం గూడ గిట్లనే పడిపోయిండు. నేనే లేపిన.”

సాయన్న రెండడుగులు వెనక్కి వేశాడు. “పోరనికి మనసు సెదిరింది,” అని బయటివాళ్లకు చెప్పడం వినిపించింది. మా మేనమామ ఊరు రెంజల్ డ్రైవర్లు ఫోన్లు తీశారు. హారన్లు ఒక్కసారిగా ఆగిపోయాయి.

వెంకట్రావు గారు తలకు చుట్టిన తువ్వాలు తీసి చేతిలో పట్టుకున్నారు. “చెరకుదేముంది బాబూ, ఎండితే ఎండనీండి. ముందు నాన్నగారి పని చూసుకోండి.”

అప్పుడు గాని నాకు విషయం ఎక్కలేదు. సిగ్గుతో చచ్చిపోయాను. పంట ఎండిపోతున్న మనిషి నన్ను ఓదారుస్తున్నాడు! నిజం చెబుదామని నోరు తెరిచానో లేదో, బల్ల మీది ఫోన్ మోగింది. అందరికీ కనిపించేలా దాని మీద ‘బాపు’ అని వచ్చింది. సాయన్న గోడకు అతుక్కుపోయాడు.

“ఏమిరా!” నిజామాబాద్‌లోని మా కిరాణా కొట్టు నుంచి బాపు గొంతు. “రెంజల్ నుంచి మీ మేనమామ ఏడ్సుకుంట ఫోన్ జేసిండు. నేనే ఎత్తిన. ‘బావ ఎప్పుడు పోయిండు?’ అని నన్నే అడుగుతుండు! ఏమని చెప్పాలెరా?”

“కంప్యూటర్ల నీ పేరు వెట్టిన బాపు. గది దొరుకుతలేదు.”

“పేరు సక్కగ రాసినవా? రేషన్ కార్డుల గూడ తప్పు రాయించి ఆర్నెల్లు తిప్పినవు నన్ను.”

ఫోన్ చెవికి ఉండగానే లైను చూశాను. డబ్బా పేరులో ఇంగ్లీషు ‘ఏ’ ఒక్కటే. నియమంలో మాత్రం, కన్నతండ్రి కదా, దీర్ఘం తగ్గకూడదని రెండు ‘ఏ’లు! పుట్టని బాపు కోసం అన్న ఎదురుచూస్తోంది. ఎవరు తీసిన గోతిలో వాళ్లే పడతారంటారు. నేను బాపును కూడా వెంట తీసుకుపోయాను.

ఒక ‘ఏ’ను కొట్టేశాను. బయట రైతులంతా తలలు వంచి మౌనం పాటిస్తున్నారు. తెర గుయ్యిమంది. నేను తీసేయడం మరిచిన రెండో పరీక్ష మాట, దాని వెనకే వరుసలోని నంబరు వెలిగాయి:

‘బాపు లేచిండు. పదిహేడో నంబరు రావాలె.’

పదిహేడు వెంకట్రావు గారిదే. రాలేదు. ట్రాక్టరు అక్కడే వదిలి రోడ్డెక్కి పరుగెత్తుతున్నారు. నేనూ సాయన్నా వెంటపడి, ఒట్లు వేసి, బతిమాలి తీసుకొచ్చాం. చెరకు ఎండకముందే కాంటా ఎక్కింది.

అందుకే ధర్మకాంటా మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేస్తున్నాను. బతికున్నవాళ్ల పేరు ఇక ఏ డబ్బాకూ పెట్టను. పోయినవాళ్ల పేరైతే అసలే పెట్టను. అప్‌డేట్ రాగానే లేచి కూర్చుంటారు.