అందరి దగ్గరా ఉన్న నంబరు

వడమాలపేట బస్టాపు పక్కన దామోదరానికి ఎస్టీడీ బూత్ ఉండేది. దాన్ని తిట్టనివాళ్లు మా ఊళ్లో లేరు, అక్కడికి పోనివాళ్లూ లేరు. తలుపు అద్దం పగిలి మూడేళ్లయినా వేయించలేదు మహానుభావుడు. లోపల ఏం మాట్లాడినా బస్సుకోసం నిలబడ్డవాళ్లందరికీ వినిపించేది. వినిపించనిది ఏమైనా మిగిలితే దామోదరమే చెప్పేవాడు. మా చెల్లెలి పెళ్లి సంబంధం తప్పిపోయిన సంగతి నాకంటే ముందు మంగలి షాపులో తెలిసింది. ఆ మంట నాకింకా చల్లారలేదు.

నా గొడవ అటుంచితే, వరలక్ష్మమ్మది అంతకంటే పెద్ద గొడవ. మా పక్కిల్లే. బావనే చేసుకుని ఊళ్లోనే ఉండిపోయింది, మల్లెతోట ఉంది. తల్లి లేని తమ్ముడు గిరిప్రసాద్‌ను చంకనేసుకుని పెంచింది. తొంభై మూడులో వాడు ఇంటర్ తప్పాడు, నాయన గంగాధరం చెయ్యి చేసుకున్నాడు, వాడు ఇల్లు వదిలి పోయాడు.

ఆరు నెలలకు బూత్‌కు ఫోన్ చేశాడు. సూరత్‌లో చీరల మిల్లులో ఉన్నానని, అక్కకు మాత్రమే చెప్పమని, ఆదివారం మళ్లీ చేస్తానని అన్నాడట. దామోదరం అక్కకు చెప్పాడు. ఆమెకు చెప్పేలోపల ఇంకో పదిమందికి చెప్పాడు. ఆదివారానికి గంగాధరం వచ్చి బూత్‌లో కూర్చున్నాడు. రిసీవరు కూతురి చేతికి పోనివ్వలేదు.

"నాకు కొడుకు లేడు. ఈ నంబరుకు ఇంకోసారి చేయొద్దు," అన్నాడు. బస్టాపంతా విన్నది.

మళ్లీ ఫోన్ రాలేదు. వరలక్ష్మమ్మ దామోదరాన్ని నడిరోడ్డు మీద నిలబెట్టి, నీ నోరు పడిపోను అని తిట్టింది. బాగా గడ్డి పెట్టిందని మేం సంతోషించాం. మరుసటి ఆదివారం చూస్తే అదే బూత్ ముందు బల్ల మీద కూర్చుని ఉంది. ఆపై ఆదివారం కూడా. దామోదరంతో మాత్రం మాట్లాడేది కాదు.

తర్వాత రోడ్డుకు అవతల జయరావు కొత్త బూత్ పెట్టాడు. గాజు తలుపు, లోపల ఫ్యాను, మాట బయటికి పోదు. మేం చేసే ఫోన్లన్నీ అక్కడికి మారాయి. కానీ మాకు వచ్చే ఫోన్ల మాటేమిటి? పెళ్లిపత్రికల మీద, ఉద్యోగం అర్జీల మీద, నగరిలో, మద్రాసులో చుట్టాల డైరీల్లో ఉన్నది దామోదరం నంబరు. ఎంతమందికని ఉత్తరాలు రాస్తాం? రాసినా ఎవరు దిద్దుకుంటారు? అందరూ ఈడికే చేస్తారు, ఏం చేసేది అనుకుంటూ, దామోదరాన్ని తిడుతూ దామోదరం బల్ల మీదే కూర్చునేవాళ్లం. నేనూ కూర్చున్నాను, సిగ్గులేకుండా. వరలక్ష్మమ్మకైతే ఉత్తరం రాద్దామన్నా అడ్రసు లేదు.

తొంభై ఎనిమిదిలో గంగాధరం పోయాడు. చివరి నాలుగు రోజులూ గిరి వచ్చినాడా అని అడుగుతూనే ఉన్నాడు. ఆ మాట తమ్ముడి చెవిన వేయాలి, ఆమెకదొక్కటే పట్టుకుంది.

ఇళ్లకు ఫోన్లు, చేతుల్లోకి సెల్లులు వచ్చాయి. దామోదరానికి మోకాళ్లు పట్టేశాయి. బూత్ మూసి నంబరు వదిలేస్తానన్నాడు. అప్పుడు వరలక్ష్మమ్మ పదేళ్ల తర్వాత అతనితో నోరు విప్పింది, నంబరు తన పేరు మీదికి మార్చమని. ఇద్దరూ ఒకే బస్సులో పుత్తూరు టెలిఫోన్ ఆఫీసుకు పోయారు. ఫోన్ ఆమె వసారాలోకి వచ్చింది. పీడ విరగడైందన్నాం మేము.

ఆమెకు మాత్రం పీడ పట్టుకుంది. బయటూళ్ల నుంచి దామోదరం ఉన్నాడా, ఫలానావాళ్లను పిలవండి అంటూ రోజంతా మోగేది. ఒక ఆదివారం ఎవరో మగమనిషి దామోదరన్న లేడా అని అడిగితే, లేడు అని విసుక్కుని పెట్టేసింది. కూర్చుని రెండు మూరల పూలు కట్టాక ఆమె చేతులు ఆగిపోయాయి. దామోదరాన్ని అన్నా అనేది మా ఊరివాళ్లే. మా ఊరివాళ్లకు బూత్ లేదని తెలుసు. తెలియనివాడు ఒక్కడే.

తల బాదుకుంది. నేను పక్కనే ఉన్నాను. ఇంటి సంగతి ముందు దామోదరాన్ని అడిగి తెలుసుకుందామనుకుని ఉంటాడు, నా గొంతు వాడికి, వాడి గొంతు నాకు తెలియకుండా పోయిందే అని ఏడ్చింది. కళ్లు తుడుచుకుని నేరుగా దామోదరం ఇంటికి పోయింది.

"అన్నా, వానికి గుర్తుండేది నీ గొంతే. ఆదివారం ఆదివారం మా ఇంట్లో వచ్చి కూచో. ఫోను నువ్వే ఎత్తు."

నోరు పడిపోను అని తిట్టిన మనిషికి వసారాలో కుర్చీ వేసి కాఫీ ఇచ్చింది. అతను కర్ర పట్టుకుని వచ్చేవాడు. ఆ నంబరుకు మాకొచ్చే ఫోన్లన్నీ మళ్లీ అతని చెవిన పడి, మళ్లీ మంగలి షాపుకు చేరాయి. మేం మళ్లీ తిట్టుకున్నాం.

ఆరో ఆదివారం మోగింది. దామోదరం ఎత్తి, ఎప్పటిలాగే "హలో, వడమాలపేట," అన్నాడు. కాసేపు విన్నాడు.

"యాడుండావురా ఇన్నేండ్లు? ఉండు, అక్కను పిలుస్తా," అని, వీధి చివరిదాకా వినపడేలా, గిరి ఫోను చేసినాడని కేకపెట్టాడు. వరలక్ష్మమ్మ అతని పక్కనే నిలబడి ఉంది, ఒళ్లో పూలన్నీ కింద పోసుకుని.

ఆమె రిసీవరు అందుకునేసరికి గోడ దగ్గరికి పదిమంది చేరారు. నేనూ చేరాను.

"నాయన నిన్ను అడిగినాడు రా," అంది.

మేమందరం విన్నాం.