కల్లూరు చేలో అక్షరాలమ్మ

1954 ఫిబ్రవరి, శుక్రవారం. కడప బస్టాండు, ఇంకా చీకటి విడలేదు.

హాజరైనవారు: నేను, తాలూకా కచేరీలో శిరస్తాదారుగా పనిచేసి రిటైరైనవాణ్ణి; నా భార్య కామాక్షమ్మ; నా మిత్రుడు నరసప్ప, హైస్కూల్లో తెలుగు పండితుడుగా చేసి నాకంటే ఏడాది ముందు రిటైరైనవాడు. సామాను: ఒక ట్రంకుపెట్టె, రెండు పరుపుచుట్టలు, చిత్రాన్నం మూట, మరచెంబు. ఇవిగాక నరసప్ప ఎవరినీ ముట్టుకోనివ్వని గుడ్డసంచి. అందులో పలుచని కాగితాల చుట్ట, మసి డబ్బా, బ్రష్షు, గుడ్డతో కట్టిన దూది ముద్ద ఉన్నాయి.

ఈ ప్రయాణానికి కారణం ఆ సంచే. నరసప్ప ఎన్నో ఏళ్లుగా కర్నూలు పూర్వచరిత్ర రాస్తున్నాడు. పాత కాలంలో తుంగభద్ర అవతలి ఆలంపురంలో గుళ్లు కట్టడానికి రాళ్ల బండ్లు ఈ దారిన పోయేవనీ, ఏరు దాటేముందు ఇక్కడ ఆగి ఇరుసులకు కందెన పూసుకునేవారనీ, అందుకే ఊరికి కందనవోలు అని పేరు వచ్చిందనీ ఆ ప్రాంతంలో అందరూ చెప్పుకుంటారు. దానికి రాతలో సాక్ష్యం ఒక్కటైనా దొరకాలని నరసప్ప పట్టు. వేరుసెనగల బేరానికి వచ్చే శెట్టి ఒకాయన కిందటి వారం కడపలో కనబడి, కర్నూలు పక్కన కల్లూరులో ఒక రెడ్డి చేలో పాత అక్షరాలున్న పెద్ద రాయి ఉందనీ, ఆ చేలోకి వడ్డెవాళ్లు రాళ్లు కొట్టడానికి దిగారనీ చెప్పాడు. నరసప్పకు ఆ రాత్రి అన్నం సహించలేదట. మర్నాడే టికెట్ల సంగతి మాట్లాడాడు.

నా భార్య ఆలంపురం జోగులాంబను చూపిస్తేనే వస్తానంది. ఆదివారం పొద్దున పుట్టిలో ఏరు దాటిస్తానని మాటిచ్చాను.

బస్సు ఆరింటికి కదిలింది. టికెట్టు పోయినసారికంటే ఒక అణా పెరిగింది. మైదుకూరులో కాఫీకి ఆగాం. అక్కడ ఎక్కిన ఒక రైతు నా పక్కన కూర్చుని, నరసప్ప ఒళ్లోని సంచిని చాలాసేపు చూశాడు.

"ఏముండాది సామీ అందులో, పసిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకున్నావు?"

"రాళ్లమీద రాతలు దించే సామాను నాయనా."

"రాళ్లా? మా చేలో శానా ఉండాయి. కావల్సినన్ని దించుకోండి, బండి కూలి నేనే ఇస్తా."

బస్సంతా నవ్వారు. నరసప్ప కూడా నవ్వాడు గానీ, ఆ చేను ఏ ఊళ్లో ఉందో అడిగి రాసుకోవడం మరచిపోలేదు.

ఆళ్లగడ్డ దాటాక చిత్రాన్నం విప్పాం. నంద్యాలలో బస్సు మారి, మధ్యాహ్నం మూడింటికి కర్నూలు చేరాం. ఊరు గుర్తుపట్టలేకపోయాను. రాష్ట్రానికి రాజధాని అయ్యాక గుడారాల్లో కచేరీలు నడుస్తున్నాయి. కొత్త గోడలు లేస్తున్నాయి. ప్రతి సందులో ఇటుకబండ్లు, రాళ్లబండ్లు. అరుగులు కూడా అద్దెకిస్తున్నారు. సత్రంలో గదులు లేవు. నా భార్య సత్రం గుమాస్తా తల్లితో పది నిమిషాలు మాట్లాడి వరండాలో మంచి మూల ఒకటి సంపాదించింది. ఇంత తొందరగా కచేరీలో నేనెప్పుడూ పని చేయించుకోలేదు.

శనివారం పొద్దున ఉగ్గాని, బజ్జీలు తిని ఊరు చూడబోయాం. కొండారెడ్డి బురుజు ఎక్కేటప్పుడు నా మోకాళ్లు గొణిగాయి. పైన గాలి తగలగానే అన్నీ మరచిపోయాను. ఒకవైపు హంద్రి ఇసుక, మరోవైపు తుంగభద్ర, ఆ గట్టున హైదరాబాదు రాష్ట్రం. నరసప్ప పుస్తకాల్లో చదివినదంతా చేత్తో చూపిస్తున్నాడు. బండ్లు ఇటు నుంచి వచ్చేవి, ఇదిగో ఇక్కడ ఎద్దుల్ని విప్పేవారు, అదిగో అక్కడ ఏరు దాటేవారు. ఆయన వేలు పోయిన చోటల్లా నాకూ బండ్లు కనిపించాయంటే నమ్మండి. కింద వీధిలో నిజంగానే రాళ్లబండ్లు వరుసగా పోతున్నాయి. ఒక బండివాడు ఆగి, వెదురుగొట్టంలోంచి కందెన తీసి ఇరుసుకు పూస్తున్నాడు. నరసప్ప నా భుజం పట్టుకుని ఊపేశాడు.

"చూశావా! ఇంకా పూస్తానే ఉండారు!"

"బండి ఉన్నంతకాలం పూస్తారు," అంది నా భార్య. "ముందు ఆ రాయి దగ్గరికి పదండి. మీరిద్దరూ ఇక్కడే నిలబడితే అది మెట్లయి కూర్చుంటుంది."

మధ్యాహ్నం జట్కా మాట్లాడుకుని, హంద్రి దాటి కల్లూరు వెళ్లాం. చేను దూరాన ఉండగానే ఉలిదెబ్బలు వినపడ్డాయి. నరసప్ప జట్కా ఆగకముందే దిగి పరుగెత్తాడు. ఆయన పరుగెత్తగా నేను ముప్పై ఏళ్లలో చూడలేదు.

రాయి నిలువెత్తు బండ. సగం మట్టిలో, సగం పైకి ఉంది. పైన సూర్యుడు, చంద్రుడు చెక్కి ఉన్నారు. వాటి కింద, మట్టి పేరుకున్న గీతల్లో, అక్షరాలు! కానీ నడిమధ్య అడ్డంగా ఒక వరుస చిన్న గుంతలు తొలిచి ఉన్నాయి. వాటిలో ఇనుప చీలలు దిగ్గొడితే బండ రెండుగా చీలుతుంది. చీలలు పక్కనే కుప్పగా ఉన్నాయి. వడ్డె మేస్త్రీ మారెన్న సుత్తి పట్టుకుని నిలబడ్డాడు.

"ఆగప్పా, ఆగు!" అని నరసప్ప రాయికి అడ్డంగా నిలబడ్డాడు.

"నాదేముండాది సామీ? రెడ్డి చూపిచ్చిన రాయి కొడతాండా."

చేను యజమాని చెన్నారెడ్డి గట్టుమీద నుంచి వచ్చాడు. మర్యాదస్తుడు. మమ్మల్ని కూర్చోమని మజ్జిగ తెప్పించాడు. రాయి సంగతిలో మాత్రం గట్టిగా ఉన్నాడు.

"కంట్రాక్టుదారునికి మాటిచ్చినా సామీ. బండి సాయంత్రానికి వస్తాది. ఆ గీతలు మా తాతల నాటినుంచి ఉండాయి. ఎవురూ చదివిందీ లేదు, పెట్టిందీ లేదు."

"నేను చదువుతాను రెడ్డీ! రేపు మధ్యాహ్నం దాకా గడువియ్యి. కాగితం మీదికి దించుకుంటాను. ఇప్పుడు ఎండ తగ్గిపోయింది, కాగితం ఆరదు. ఒక్క పూట!"

"బండి తిరిగిపోతే ఇంకోతూరి రాదు సామీ. రాజధాని పని. దుడ్లిచ్చేవాడు నిలబడడు."

నేను కచేరీ భాషలో రెండు మాటలు అన్నాను. రెడ్డి వినయంగా విన్నాడు, అంతే. మారెన్న మొదటి చీల గుంతలో నిలబెట్టాడు.

అప్పుడు నా భార్య లేచింది. జోగులాంబకని తెచ్చుకున్న పసుపు, కుంకుమ పొట్లాలు కొంగులోంచి విప్పి, మరచెంబులో నీళ్లతో పసుపు కలిపి, సూర్యచంద్రుల కింద ఇంత పట్టించి, మధ్యలో రూపాయంత బొట్టు పెట్టింది. చెప్పులు విడిచి, ఆ చీల పక్కనే దణ్ణం పెట్టుకుంది.

మారెన్న సుత్తి కింద పెట్టేశాడు.

"ఏమప్పా, నిలబడ్డావు?" అన్నాడు రెడ్డి.

"బొట్టు పెట్టిన రాతిమీద ఉలి పెట్టను రెడ్డీ. నాకు పిల్లోళ్లుండారు. నువ్వు కొట్టుకో."

రెడ్డి సుత్తి వంక చూశాడు, బొట్టు వంక చూశాడు. ఆయనా చెప్పులు విడిచాడు. పక్క చేలల్లో కలుపు తీస్తున్న ఆడవాళ్లు అప్పటికే చుట్టూ చేరారు.

"ఏ అమ్మోరు తల్లీ?" అని ఒకామె అడిగింది.

నా భార్య ఒక్క క్షణం తడబడి, "అక్షరాలమ్మ," అంది.

బండి ఖాళీగా తిరిగిపోయింది. జట్కాలో నరసప్ప పసిపిల్లాడిలా ఊగాడు. "అమ్మా కామాక్షమ్మా, నా పుస్తకంలో మొదటి పేజీ నీదే," అన్నాడు. "పేజీ వద్దు నాయనా, రేపు ఏరు దాటించండి చాలు," అంది ఆమె.

మరునాడు, ఆదివారం, పొద్దెక్కేసరికి మళ్లీ చేలో ఉన్నాం. మాకంటే ముందు ఊరు వచ్చి కూర్చుంది. రాయి చుట్టూ పేడనీళ్లు చల్లి ముగ్గు వేశారు. మామిడాకులు కట్టారు. మట్టి తవ్వి మొదలుదాకా కడిగారు. అక్షరాలన్నీ బయటపడ్డాయి. నరసప్ప సంచి విప్పి, కాగితం పరచి, మసి డబ్బా మూత తీశాడు.

"అదేంది?" అని చెన్నారెడ్డి ముందుకు వచ్చాడు.

"మసి. కాగితం తడిపి రాతికి అతికించి, పైన అద్దితే అక్షరాలు తెల్లగా తేలతాయి."

"అమ్మోరికి మసి పూస్తావా సామీ?"

ఆడవాళ్లలో గోల మొదలైంది. "నిన్న బొట్టు పెట్టిన చేతులే ఈ పొద్దు మసి పూస్తాయంట, చూడండమ్మా!" నరసప్ప బతిమాలాడు. మసి కాగితానికే గానీ రాతికి అంటదన్నాడు. ఎవరూ ఒప్పుకోలేదు. నిన్న రాయిని కాపాడిన బొట్టే ఈరోజు మాకు అడ్డం నిలిచింది. కాగితం మీద అచ్చు లేకుండా వట్టి కళ్లతో చూసి చదివానంటే సర్కారు శాసనాల కచేరీలో ఎవరూ నమ్మరు. నరసప్ప ముగ్గు పక్కన కూలబడ్డాడు. ఆలోచిస్తే, వాళ్ల అభ్యంతరమంతా మసి ఒక్కదానికే అనిపించింది. నేను చెన్నారెడ్డిని అడిగాను.

"మసి తప్పు. కుంకుమ తప్పా రెడ్డీ?"

ఆయన తల గోక్కున్నాడు. "కుంకుమకేం సామీ! కుంకుమార్చన ఎవురైనా వద్దంటారా?"

ఆ మాట పూర్తికాకముందే నరసప్ప లేచాడు. ఊళ్లోని కుంకుమ భరిణెలన్నీ వచ్చాయి. నూనెచుక్క వేసి పలుచగా కలిపాం. తడి కాగితం రాతికి అతికించి, బ్రష్షుతో గీతల్లోకి కొట్టి, ఎండనిచ్చి, దూది ముద్దతో కుంకుమ అద్దాడు. ఎర్రటి కాగితం మీద తెల్లటి అక్షరాలు ఒక్కొక్కటే లేచి నిలబడుతుంటే ఆడవాళ్లు గోవిందలు కొట్టారు. మారెన్న కాగితం అంచు కదలకుండా పట్టుకున్నాడు.

"మంతరం చదువు సామీ," అన్నారు.

నరసప్ప గొంతు సవరించుకుని చదివాడు. చదివి, వాళ్ల మాటల్లో చెప్పాడు. ఇక్కడి నూనెగానుగలవాళ్లు అందరూ కూడి, ఒక దేవుని అఖండదీపానికి సూర్యచంద్రులున్నంతకాలం రోజూ ఇంత నూనె పోస్తామని రాయించారట. ఆ దేవుని పేరు ఉన్న చోటే మారెన్న గుంతలు పడ్డాయి. బండ్ల ఊసు, కందెన ఊసు ఎక్కడా లేదు. నరసప్ప మళ్లీ మళ్లీ చూశాడు. లేదు.

"గానుగలోళ్లంటే మావోళ్లేనా సామీ?" అంది వెనక నుంచి ఒక ముసలామె. గాండ్ల సుంకమ్మ అట.

"మీవాళ్లేనమ్మా."

"సూర్యుడు ఉండాడు, చంద్రుడు ఉండాడు. మరి పోసేది ఆపిందెవురు?"

ఆమె ఇంటికి పోయి, చెంబుతో నూనె, ఒక మట్టి ప్రమిద తెచ్చింది.

"ఏ దేవుడో పేరు పోయింది కదవ్వా," అన్నాడు మారెన్న తలవంచుకుని.

"పేరు పోతే పోనీ. ఇప్పుడు ఈడ కూసున్నది ఈమె కదా," అని ఆమె వత్తి వెలిగించింది. చేలో గాలికి మంట వంగింది. తన సంచినైనా ఎవరినీ ముట్టుకోనివ్వని నరసప్ప, ఆ కాగితం నా చేతికిచ్చి, మోకాళ్లమీద కూర్చుని రెండు చేతులూ దీపానికి అడ్డం పెట్టాడు.

పూటంతా చేలోనే గడిచిపోయి, ఆలంపురం వెళ్లలేకపోయాం. మధ్యాహ్నం బస్సుకే తిరుగుముఖం పట్టాం. నా భార్య నన్ను ఏమీ అనలేదు. అనకపోవడం వల్ల వేసవిలోగా మళ్లీ రావాలని నాకు అర్థమైంది. నరసప్ప నంద్యాలదాకా ఆ ఎర్రకాగితం చుట్ట ఒళ్లోంచి దించలేదు. బండ్ల సాక్ష్యం దొరకలేదని పుస్తకంలో ఉన్నది ఉన్నట్టే రాస్తానన్నాడు. బురుజు, కోట, ఏరు అన్నీ బాగున్నాయి, తప్పక చూడవలసినవే. కానీ పాత కర్నూలు నాకు కనబడింది ఆ చేలోనే.

వెళ్లదలచినవారికి: బస్టాండులో జట్కావాళ్లకు చెన్నారెడ్డి చేను అంటే చాలు. పొద్దున పోతే ఎండ ఏటవాలుగా పడి అక్షరాలు బాగా కనిపిస్తాయి. గొడుగు, మంచినీళ్లు ఉంచుకోండి. కొంచెం నూనె కూడా తీసుకుపోండి.