పొగ తాగిన పంపు

నెహెమ్యా పుట్టింది నకరికల్లు దగ్గర మెట్టపొలాల్లో. ఈత రాదు. నలభై ఏళ్లు వచ్చేదాకా అతను చూసిన నీళ్లన్నీ బావుల అడుగున ఉన్నవే. అలాంటివాడు కృష్ణానది మీద తిరిగే పంటు పడవకు పంపు మేస్త్రీ ఎలా అయ్యాడంటే, అదంతా అతని నోటి చలవ.

ఈపూరు నుంచి మాచర్ల దాకా ఆయిలింజన్లు పెట్టుకున్న రైతులందరికీ అతని పేరు తెలుసు. గొట్టం అతుకు దగ్గర నీళ్లు కారుతుంటే జనపనార చుట్టి, దానిమీద సున్నంలో బెల్లం వేసి నూరిన ముద్ద మెత్తి కట్టు కట్టేవాడు. ఆరితే రాయే. కట్టి ఊరుకుంటే బాగుండేది. తను కట్టిన అతుకు మీద పిడుగు పడబోయి, కట్టు చూసి పక్క చేలోకి తప్పుకుందని చెప్పేవాడు. ఒక వానాకాలం ఇంజనూ, షెడ్డూ, రైతూ కలిసి బావిలో కూలిపోయినా తన అతుకు మాత్రం చెక్కుచెదరలేదని చెప్పేవాడు.

“మరి రైతు?” అని ఎవరైనా అడిగితే, “అతుకు పట్టుకొనే పైకెక్కొచ్చాడు” అనేవాడు తడుముకోకుండా.

యాభైతొమ్మిదో సంవత్సరంలో, ఏటి మీద ఆనకట్ట పని సాగుతుండగా, ధనుంజయరావనే కాంట్రాక్టరు రాళ్లనూ కూలీలనూ అవతలి ఒడ్డుకు దాటించడానికి ఒక పాత పంటు కొన్నాడు. దాని అడుగున ఎప్పుడూ నీళ్లు ఊరుతుండేవి. వాటిని పీల్చి ఏట్లో పోయడానికి ఒక డీజిలు పంపు బిగించారు. బావిలో పడ్డ రైతు కథ ధనుంజయరావు చెవిన కూడా పడింది. నెహెమ్యాకు కబురు పెట్టాడు.

“పడవ మీద ఎప్పుడైనా చేశావా?”

“పడవకీ బావికీ తేడా ఏముంది దొరా? బావిలో నీళ్లు మనకు కావాలి, పడవలో నీళ్లు మనకొద్దు. ఇదే సులువు.”

నాలుగు నెలలు సులువుగానే గడిచాయి. ఎండలు ముదిరాక ఒక సోమవారం పొద్దున పంపు మొరాయించింది. ఇంజను ఆడుతోంది గాని, గొట్టం మూతి నుంచి పళ్లూడిన ముసలాడు ఉమ్మినట్టు రెండు చుక్కలు పడి ఆగిపోతున్నాయి. పలకల కింద నీళ్లు మడమ దాటాయి.

ధనుంజయరావు ఒడ్డు మీద నుంచే తీర్పు చెప్పాడు. “పది గంటలకి ఇంజనీరుగారు పంటు చూడటానికి వస్తున్నారు. ఆ లోపల అడుగు ఆరిందా, సరే. ఆరలేదా, నువ్వు దిగు, అంకారావు ఎక్కుతాడు.”

అంకారావనే ఇంకో మేస్త్రీని నరసరావుపేట నుంచి ముందే పిలిపించి ఉంచాడు. అతను తలకు నూనె రాసుకొని, పాపిడి తీసి, ఒడ్డున తన ఇనప పెట్టె మీద కొత్త అల్లుడిలా కూర్చుని ఉన్నాడు. ఆ పెట్టె వైపు చూడకుండా నెహెమ్యా పానా అందుకున్నాడు. ముగ్గురు పిల్లలు. ఈ పని పోతే మళ్లీ సైకిలెక్కి చేలవెంట తిరగాల్సిందే.

చిమ్మే గొట్టానికున్న అతుకులన్నీ బిగించాడు. పీల్చే గొట్టం అతుకుల్ని పైపంచెతో తుడిచి చూశాడు. పొడి. మళ్లీ తుడిచాడు. పొడి. తడి లేనిచోట లీకెక్కడిది? ఇరవై ఏళ్లుగా అతను లీకంటే కారేదే అనుకున్నాడు.

జాగా దొరకదని ముందే ఎక్కి కూర్చున్న రాళ్లకూలీల్లో బుజ్జమ్మ ఒకతె. అరవై ఏళ్ల మనిషి. పీల్చే గొట్టం పక్కనే చతికిలబడి చుట్ట ముట్టించింది.

“ఏంది అల్లుడా, దాని కడుపు పట్టుకు చూస్తన్నావు? నెలలు నిండినయ్యా?”

“నవ్వు అత్తా, నవ్వు. పంటు మునిగితే నీకూ నాకూ ఒకటే ఏరు.”

“నాకు ఈతొచ్చులే. నీ సంగతి చూసుకో.”

నెహెమ్యా తలెత్తి చూశాడు. గాలి అవతలి ఒడ్డు నుంచి వీస్తోంది. బుజ్జమ్మ వదిలిన పొగ ఇవతలి ఒడ్డున మాచర్ల దారి పట్టాలి. పట్టలేదు. గాలికి ఎదురు తిరిగి, పామై సాగి, పీల్చే గొట్టం వైపు పోయి మాయమైంది.

అప్పుడు వెలిగింది. చిమ్మే గొట్టానికి చిల్లి పడితే నీళ్లు బయటికి కారి చాటింపు వేస్తాయి. పీల్చే గొట్టం చిల్లి గుట్టుగా గాలిని లోపలికి లాగుతుంది. గాలి తాగిన పంపు నీళ్లేం తాగుతుంది?

“అత్తా, నీకు పుణ్యముంటది. గొట్టం పొడుగూతా ఊదు!”

“నువ్వే ఊదుకో. ఇంద, చుట్ట.”

“చర్చిలో అందరి ముందూ చెయ్యెత్తి మానేశా గదా.”

“చెయ్యెత్తేటప్పుడు నన్నడిగావా? ఊరికే ఊదను. నాకా కుర్చీ కావాలి.”

గొడుగు కింద వేసిన పేము కుర్చీ అది, ఇంజనీరు కోసం.

“అమ్మో, అది ఇంజనీరుగారిది!”

“అయితే ఆయన్నే ఊదమను.”

కుర్చీ వచ్చింది. బుజ్జమ్మ కాలు మీద కాలేసుకొని ఊదింది. మొదటి అతుకు మీద పొగ గాలివాటున పోయింది. రెండోదాని మీదా అంతే. మూడోదాని దగ్గర సర్రున లోపలికి పోయింది.

నెహెమ్యా వంగి చూశాడు. ఆ మూడో అతుకు అతను స్వయంగా బెల్లం, సున్నం మెత్తి కట్టినదే. తెల్లగా, ఎండలో మెరుస్తూ ఉంది. బావి గట్టున గొట్టం కదలదు, కాబట్టి కట్టు నిలిచేది. ఇక్కడ ఇంజను రోజంతా కుదిపేసరికి వెంట్రుకవాసి బీట పడింది.

“పిడుగు తప్పుకున్న కట్టు ఇదేనా అల్లుడా?” అంది బుజ్జమ్మ.

“మెల్లగా మాట్లాడత్తా.”

ఇంజను ఆపి, కట్టు పగలగొట్టి సైకిలు ట్యూబు చుట్టాడు. పైన బిగించడానికి ఇనప క్లిప్పు కావాలి. ఆ సైజుది అతని దగ్గర లేదు. పది కావస్తోంది. ఇక లాభం లేదని ఒడ్డుకు దూకాడు.

“తమ్ముడూ అంకారావూ, ఒక క్లిప్పియ్యి.”

“భలేవోడివే! నీ ఉద్యోగం నిలబెట్టడానికి నా క్లిప్పా?”

“పిచ్చోడా, నీ ఉద్యోగం కోసమేరా. పంటు మునిగితే రేపు నువ్వెక్కేది దేన్ని?”

అంకారావు కాసేపు ఆలోచించాడు. ఎటు తిప్పి చూసినా ఆ మాట సబబుగానే ఉంది. పెట్టె తెరిచాడు.

నెహెమ్యా క్లిప్పు బిగించి, కడవెడు నీళ్లు పంపులో పోసి ఇంజను తిప్పాడు. గొట్టం ఒకసారి గుటక వేసింది. తర్వాత చిమ్మింది చూడండి, ఆ ధార వెళ్లి సరిగ్గా అప్పుడే, మేస్త్రీని మారుస్తున్నానని చెబుతూ ఇంజనీరును వెంటబెట్టుకొస్తున్న ధనుంజయరావు గంజి పంచె మీద పడింది.

ఇంజనీరు పంటెక్కి, పలకెత్తి అడుగు చూశాడు. నీళ్లు తగ్గుతున్నాయి. ఆ తర్వాత కుర్చీ చూశాడు.

“ఎవరీమె?”

“లీకులు పట్టే మనిషండి,” అన్నాడు నెహెమ్యా. “నేల మీద కూర్చుంటే పొగ సరిగా రాదండి.”

“ఇంతకీ లీకెక్కడ?”

బుజ్జమ్మ నోరు తెరిచింది. ఆమెకంటే ముందు నెహెమ్యానే ఒప్పుకున్నాడు. “నా కట్టు కిందేనండి. పెద్ద మేస్త్రీ కట్టు గదా అని పొద్దుట్నించీ దాన్ని అనుమానించలేదండి.”

ఇంజనీరు ఫక్కున నవ్వి, సిగరెట్టు ముట్టించి, వంగి అతుకు మీద తనే ఊదాడు. పొగ గాలివాటున తేలిపోయింది. “పంటు నడపండి. మేస్త్రీని మార్చకండి,” అన్నాడు. ధనుంజయరావు పంచె పిండుకుంటూ తలూపాడు. కుర్చీ ఖాళీ కాలేదు గనక ఇద్దరూ నిలబడే ఏరు దాటాల్సి వచ్చింది.

పంటు కదులుతుంటే ఒడ్డు మీద నుంచి అంకారావు కేక పెట్టాడు. “ఒరేయ్ నెహెమ్యా, నా క్లిప్పురా!”

“ఇప్పుడు ఊడదీస్తే ఇంజనీరుగారు మునుగుతాడంట,” అన్నాడు నెహెమ్యా రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టి. “అడిగి చెప్పమంటావా?”